భాణలక్షణమును భువన్ బామ్ దృశ్యకృతులును

రూపకములు పదివిధములని భరతాదులు నిర్ణయించిరి. అందు భాణ మేకాంకము. దానిని నడుపు నటుఁ డొక్కఁడే. అతఁడు విటుఁడై నగరవీథులఁ దిరుగుచు, రంగమునఁ గానరాని వారిని బలుకరించును, వారి మాటలను దాను విన్నట్లభినయించి "ఏమనుచున్నావు?" అని యడిగి, వారన్నదానిని దానే మరల నుచ్చరించి, దానికిఁ బ్రత్యుత్తరమును దానే యిచ్చును. దీనికి ఆకాశభాషితమని పేరు. భాణమున వస్తువు కల్పితమనియు, భారతీవృత్తి ప్రధానమనియు, ముఖనిర్వహణ సంధులు రెండు మాత్రమే యుండుననియు ధనంజయుఁడు దశరూపకమునఁ జెప్పెను. నడిమి సంధులు లేవు గనుకఁ గథ పెరుగుట కవకాశము తక్కువ. భాణమునఁ బెరుగునది వాక్కు, దానితోఁగూడ లోకవృత్తము.

వరరుచి యుభయాభిసారిక, శూద్రకుని పద్మప్రాభృతకము, ఈశ్వరదత్తుని ధూర్తవిటసంవాదము, శ్యామిలకుని పాదతాడితకము అను నాలుగు ప్రాచీనభాణములు చతుర్భాణి యను పేర 1922లో వెలువడినవి. వానిని బ్రకటించిన యిరువురిలో నొకఁడు తెలుఁగువాఁడైన మానవల్లి రామకృష్ణకవి. అంతకు ముందు భాణమన లక్షణగ్రంథములలోని నిర్వచనముగాను, అర్వాచీనులు వ్రాసిన కొన్ని యనుకరణములుగాను మాత్రమే పలువురకుఁ దెలిసియుండెను. ఆ గ్రంథము వెలువడిన పిమ్మట భాణము నగరజీవనమునకు నిలువుటద్దమని పండితులకు స్పష్టమయ్యెను. ఒక వేశ్య తలపైఁ దన్నఁగా నందులకుఁ బ్రాయశ్చిత్త మేమని విటులసభ విచారించుట పాదతాడితకమునందలి కథ. కథ యింతమాత్రమే, మిగిలినదెల్ల నూరిజనుల నడకలును బలుకులును. తెలుఁగువారికిఁ జేరువయైన క్రీడాభిరామము వీథి, భాణమునకుఁ దోఁబుట్టువు. అందిరువురు మిత్రు లోరుఁగంటి వీథులఁ దిరుగుట తప్ప వేఱు కథ లేదు. అయినను కాకతీయనగర జీవనమును దెలిసికొనఁ గోరువాఁడు దానిని విడువఁజాలఁడు.

ఇట్టి యేకనటరూపకము గ్రంథములయందే నిలిచిపోయినదని తలంచుట సరికాదు. ఇరువదియొకటవ శతాబ్ది రెండవ దశకమున, సెల్‌ఫోనులోని కెమెరా ముందు, హిందీభాషలో నది మరలఁ బుట్టినది. దానిని మన దేశమునఁ బ్రసిద్ధికిఁ దెచ్చినవారిలో ముఖ్యుఁడు భువన్ బామ్. యూట్యూబునందు చిన్న హాస్యవీడియోల నొక్కఁడే నటించి, పిదప వెబ్ సిరీసుల నిర్మాతయు నాయకుఁడునైన యితని వృత్తాంతము రూపకతత్త్వమును విచారించువారి కొక ప్రశ్నను గల్పించుచున్నది. ఒక్క నటుని దేహముపై నిలిచిన కళ యనేకనటుల రూపకముగాఁ బెరిగినపుడు దాని ప్రాణ మెచ్చట నుండును?

భువన్ బామ్ 1994 జనవరి 22న వడోదరయందు జన్మించి ఢిల్లీలోఁ బెరిగెను. షహీద్ భగత్ సింగ్ కళాశాలలోఁ జరిత్ర నభ్యసించెను. అతని మొదటి వృత్తి గానము. ఢిల్లీ భోజనశాలలఁ బాడుచుండెను. 2014లోఁ గాశ్మీరమున వరదలు వచ్చినపుడు, కుమారునిఁ గోలుపోయిన తల్లిని నిర్దయముగాఁ బ్రశ్నించిన యొక వార్తాహరుని ధోరణిని బరిహసించుచు నతఁడు చేసిన చిన్న వీడియో పాకిస్తానమునందు విశేషముగా వ్యాపించెను. 2015 జూన్ నెలలో 'బీబీ కీ వైన్స్' అను పేర యూట్యూబు చానలును స్థాపించెను. ఆఱు సెకండ్ల వీడియోల కొఱకు 2013లోఁ బుట్టి యనతికాలముననే మూఁతపడిన వైన్ అను సాధనము నుండి యా పేరు వచ్చినది. భువనుని కృతులు మాత్రము నిమిషములకొలఁది సాగునవి. 2018 నాఁటికి నాతని చానలునకుఁ గోటిమంది చందాదారు లేర్పడిరి. భారతీయులలో నొంటరి వ్యక్తి యా సంఖ్యను జేరుట యదియే ప్రథమము.

సంఖ్యలను బట్టి కృతిని విలువకట్టుట విమర్శకు ధర్మము గాదు. కోటిమంది చూచినది చెడ్డదనుటయు, చూచిరిగనుక మంచిదనుటయు నొక్కవిధపు టలసతయే. కావున నా వీడియోల రూపలక్షణమును బరిశీలింపవలెను.

వైన్సులందలి యితివృత్త మతిస్వల్పము. ఢిల్లీలోని యొక మధ్యతరగతి గృహము. భువన్ అను కుఱ్ఱవాఁడు. అతని తల్లి జానకి, తండ్రి బబ్లూ, మేనమామ టిటూ. అమాయకుఁడైన మిత్రుఁడు సమీర్. నోరు విప్పినఁ దిట్టు తప్ప రాని మఱియొక మిత్రుఁడు బన్‌చోడ్‌దాస్. ఇంకను గురువులు, వైద్యులు, బాబాలు. వీరందఱును భువన్ బామే. పాత్ర మాఱుటకు సామగ్రి యేమి? తలపై నొక వస్త్రఖండము, ఒక కండ్లజోడు, కంఠమునందొక మార్పు. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అను నభినయములు నాలుగింటిలో నాహార్య మిచ్చట నామమాత్రము. ఫోనును జేతఁబట్టి చిత్రించుటచే ముఖమును భుజములును మాత్రమే కానవచ్చును. కావున నాంగికమును గన్నులు, కనుబొమలు, పెదవులు అను నుపాంగములకే పరిమితమయ్యెను. భారమంతయు వాచికముపైఁ బడినది. భారతీవృత్తి ప్రధానమని శాస్త్రకారుఁడు భాణమును గుఱించి చెప్పినమాట దీనికి యథాతథముగా సరిపోవును.

అయిన నొక భేదము గలదు, అది ముఖ్యమైనది. భాణమున నితరపాత్ర లదృశ్యములు. వానిని బ్రేక్షకుఁడు తన బుద్ధితోఁ గల్పించుకొనవలెను. వైన్సులయం దితరపాత్రలు దృశ్యములే, కాని యొక్క ముఖముననే దృశ్యములు. తల్లి మాటలాడినపు డామె ముఖము కనఁబడును. కొడుకు బదులిచ్చునపుడు కొడుకు ముఖము కనఁబడును. రెండింటికి నడుమ నటుఁడు వేషము మార్చుకొన్న కాలమును వీడియోకూర్పు కత్తిరించి మఱుఁగుపఱచును. ఆకాశభాషితమున నాకాశ మున్నచోటఁ గత్తిరింపు వచ్చి చేరినదని చెప్పవచ్చును. ఫోనుముందటి కెమెరాలో నటుఁడు చిత్రించుచునే తన్నుఁ దాను జూచుకొనును. ప్రేక్షకుఁడు చేతి పొడవు దూరమున నాతని మొగము నెదురుగాఁ జూచును. సభకంతకును వినఁబడునట్లు పలుకవలసిన రంగస్థల నటుని కీ సామీప్యము లేదు. ఊరి నడుమ నొక్కఁడే పెక్కువేషములు దాల్చు పగటివేషగానికి సైతము ప్రేక్షకున కింత దగ్గఱకు వచ్చుట సాధ్యము గాదు.

ఈ రూపము హాస్యమున కొక విశేషధర్మమును గలిగించినది. హాస్యము ఆత్మస్థమనియు, పరస్థమనియు రెండువిధములని భరతుఁడు చెప్పెను. వైన్సులలోఁ దండ్రి కొడుకును దిట్టును, కొడుకు తండ్రిని గేలిసేయును, మేనమామ యిరువురను వంచించును. ఎవ్వరిని జూచి యెవ్వరు నవ్వినను నవ్వునకు గుఱియగునది యొకే ముఖము. పరిహసింపఁబడిన ప్రతిపాత్రకును బరిహసించినవానికున్న దేహమే యున్నది, వానికున్న బదులుపలుకు హక్కే యున్నది. పరస్థహాస్య మాత్మస్థముగాఁ బరిణమించుటయే యీ రూపమునందలి రహస్యము. ఆ తిట్లు విని కుటుంబములు కోపింపక నవ్వుటకుఁ గారణ మదియే కావచ్చును.

అశ్లీలమను నాక్షేపణ మిచ్చట విచారింపఁదగినది. పాఠశాలాపండితుఁ డీ వీడియోలను జూచినచో మొదటి నిమిషముననే చెవులు మూసికొనును. ఒక పాత్ర పేరే బూతును ధ్వనింపఁజేయుచున్నది. ఆక్షేపణ నిరాధారము గాదు. కాని శాస్త్రము దీనిని విచారింపకపోలేదు. వ్రీడ, జుగుప్స, అమంగళము అను మూఁటిని బుట్టించునది యశ్లీలమని చెప్పిన మమ్మటుఁడే, ప్రకరణమును బట్టి యది దోషము గాక గుణము సైత మగునని యొప్పుకొనెను. వక్త యెవఁడు, ఎవనితోఁ బలికెను, ఎందులకుఁ బలికెను అను నౌచిత్యవిచారము లేక తీర్పు చెప్పరాదు. చతుర్భాణియందలి విటుల మాటలనుగాని, క్రీడాభిరామమునందలి వీథిమాటలనుగాని తీసివైచినచో నా కృతులందు మిగులునది స్వల్పము. ఢిల్లీవీథి కుఱ్ఱవాండ్ర వాడుకను జూపఁ బూనినవాఁడు దానిని గాళిదాసశైలిలోఁ జూపఁజాలఁడు. అయినను పదము దొరకనపుడు తిట్టుతోఁ బని గడుపుకొనుటయుఁ గొన్ని వీడియోలందుఁ గలదు. తిట్టు పాత్రను దెలుపు నంతవఱకు గుణము. నవ్వును దెప్పించుట కదియే సాధనమైనపుడు దారిద్ర్యము.

దీనికంటె గట్టి దోషము వేఱొకటి. 2022 మార్చిలో 'ఆటోమేటిక్ గాడీ' యను వీడియోనందుఁ బర్వతప్రాంత స్త్రీలను గుఱించి పలికిన మాటలపై జాతీయ మహిళాసంఘ మాక్షేపించెను. భువన్ బామ్ క్షమాపణము చెప్పి యా భాగమును దొలఁగించెను. ఈ సందర్భము పైఁ జెప్పిన రూపధర్మమునకు విలోమోదాహరణము. అచ్చట నవ్వు పాత్రపై నిలువక యొక ప్రాంతపు స్త్రీజనముపైకిఁ బ్రసరించెను. ఆత్మస్థముగాఁ బరిణమించు నేర్పు తప్పఁగానే హాస్యము వట్టి నింద యయ్యెను. ఇది పదదోషము గాదు, ఆలంబనదోషము. కళాకారుఁడు చేసిన సవరణ యుచితమే. విమర్శకుఁ గావలసినది యా దోష మేల కలిగెనో తెలిసికొనుట.

వైన్సుల యనంతరము భువనుఁడు మూఁడుత్రోవలఁ బ్రయత్నించెను. మొదటిది గానము, 2016లో 'తేరీ మేరీ కహానీ' మొదలుకొని స్వరపఱచి పాడిన గీతములు. రెండవది పరుల రచనలో నటించుట. 2018లో దివ్యా దత్తాతోఁ గలిసి నటించిన 'ప్లస్ మైనస్' అను చిన్న చిత్రమున నతఁడు సైనికుఁడు, హాస్యగాఁడు గాఁడు. మూఁడవది తన పాత్రను లోకములోనికిఁ బంపుట. అదే సంవత్సరము డిసెంబరులో టిటూమామ వేషముననే షారుఖ్ ఖానును బ్రశ్నించెను. కల్పితుఁడైన మేనమామ నిజమైన నటుని నెదుటఁ గూర్చుండఁబెట్టుకొని మాటలాడుట విశేషము. పాత్ర కవి చేతినుండి తప్పించుకొని స్వతంత్రుఁడైనట్లు దీనివలనఁ దెలియుచున్నది. అట్టి పాత్రలు గలవాఁడు దీర్ఘకథను దలపెట్టుట సహజము.

ఆ దీర్ఘకథయే 2021 అక్టోబరు 14న మొదటిభాగము వెలువడిన 'ఢిండోరా.' ఎనిమిది భాగములు. దర్శకుఁడు హిమాంక్ గౌర్. నిర్మాణము భువనుని సొంతసంస్థది. ప్రకటన యెప్పటివలెనే యూట్యూబునందు, మూల్యము లేక. అనుకోని యొక కొనుగోలు కుటుంబమును దలక్రిందులు చేయుట యితివృత్తము. తల్లి, తండ్రి, కొడుకు, మామ, మిత్రులు మున్నగు పాతపాత్రల నతఁడే ధరించెను. అనూప్ సోనీ, రాజేశ్ తైలంగ్, గాయత్రీ భారద్వాజ్ మొదలైనవారు క్రొత్తపాత్రలఁ దాల్చిరి. ఇప్పుడు నటున కుపాంగములు చాలవు. తండ్రి నడవవలెను, తల్లి వంటయింటఁ దిరుగవలెను, కుటుంబమంతయు నొక్క గదిలోఁ గూర్చుండవలెను. ఆహార్యము గుడ్డపేలికతోఁ దీరదు. భాణము గృహప్రవేశము చేసి ప్రకరణమగు సంధికాల మిది.

ఈ కృతియందు భువనుఁడు తీసికొన్న నిర్ణయ మొకటి గమనింపఁదగినది. కుటుంబమును దానే ధరించి, నాయికను మాత్ర మన్యనటి కొసఁగెను. హాస్య మొక్కదేహమునఁ బుట్టఁగలదు. శృంగారమున కాలంబనములు రెండు గావలెను. తల్లిలోఁ గొడుకు పోలిక, కొడుకులోఁ దండ్రి గొంతు లోకసహజములు. కావునఁ గుటుంబపాత్రల కేకదేహము సమర్థనీయమే కాక యర్థవంతము గూడ. ఒకే యింట నున్నవా రొకరి నొకరు తిట్టుకొనుచు నొకే ముఖముతో నుండుట కుటుంబమునకుఁ జక్కని రూపకమైనది. కేవలము పనిసులువునకుఁ బుట్టిన యొక యుపాయ మిచ్చట భావమును దాల్చినది. ఢిండోరా యందలి గుణములలో నిది ప్రధానము.

కథనమునందు లోపములు లేకపోలేదు. నాలుగు నిమిషముల వైన్సునకు ముఖనిర్వహణములు చాలును. ఎనిమిది భాగముల కథకుఁ బ్రతిముఖగర్భావమర్శలు గావలెను. వానిని గల్పించు నభ్యాసము చాలనిచోటఁ గవి మరల వైన్సుల పద్ధతిఁ జొచ్చి, పాత్రల నొక్కొక్కరిని బిలిచి నవ్వించి పంపివేయును. సన్నివేశము నిలుచును గాని కథ యాఁగును. దీనిని బాలారిష్టమని సరిపెట్టవచ్చును.

ఆ సంవత్సరము జూన్ నెలలో భువనుఁడు తన తల్లిదండ్రు లిరువురు నొక్క మాసములోపలఁ గోవిడ్ వ్యాధిచే మృతినొందిరని వెల్లడించెను. నాలుగునెలలకుఁ బ్రేక్షకు లతనిని దల్లిగాను దండ్రిగాను ఢిండోరాయందుఁ జూచిరి. జానకీబబ్లూలు కల్పితపాత్రలు, వారిని గవి కన్నవారని భ్రమించుట తగదు. అయినను రస మాస్వాదించువాని చిత్తమునుండి యీ యెఱుక తొలఁగిపోదు. నవ్వుకొఱకుఁ దాల్చిన వేషముపై నొక కరుణచ్ఛాయ కవి యుద్దేశింపకయే వచ్చి నిలిచినది. కృతికి బాహ్యమైన వృత్తాంతము రసమును మార్చుట కిది యరుదైన నిదర్శనము.

పిమ్మట 2023 జనవరి 6న, అప్పుడు డిస్నీ ప్లస్ హాట్‌స్టారను పేరఁ బరఁగిన వేదికపై, 'తాజా ఖబర్' వెలువడెను. దర్శకుఁ డా హిమాంక్ గౌరే. ఇచ్చట భువనుని పాత్ర యొక్కటే. ముంబయినగరమున బహిరంగ శౌచాలయమునఁ బనిచేయు వసంత్ గావ్డే కొక వరముచే రాఁబోవు వార్తలు ముందే తెలియును; దానితో ధన మార్జించి, ధనముతో శత్రువులను గొనితెచ్చుకొనును. నాయిక మధు వేశ్య; ఆ పాత్రను శ్రియా పిల్గావ్‌కర్ ధరించెను. తెలుఁగువారు 1989 నాఁటి 'శివ' చిత్రమునుండి యెఱిఁగిన జె. డి. చక్రవర్తి ప్రతినాయకుఁడు శెట్టి. రెండవ భాగము 2024 సెప్టెంబరు 27న వచ్చెను. కల్పితవస్తువు, దరిద్రనాయకుఁడు, వేశ్యానాయిక, నగరధూర్తులు: ఇది సలక్షణమైన ప్రకరణము. ప్రకరణమున విప్రుఁడో, వణిజుఁడో, సచివుఁడో నాయకుఁడు గావలెనని శాస్త్రము. శౌచాలయపుఁ బనివానిని నాయకుని జేయుట శాస్త్రము నతిక్రమించుటయైనను లోకమునకు హితమే.

తాజా ఖబరునఁ గథాబంధము ఢిండోరాకంటె బిగువు. నటుఁడుగా భువనుఁడు పరిణతుఁడు. అయినను నిచ్చట నతని స్థానమున మఱియొక సమర్థుఁడైన నటుని నుంచినచోఁ గృతి కొఱఁతపడదు. ఢిండోరాయం దట్లు చేయుట సాధ్యము గాదు. ఈ యొక్క పరీక్షతో రెండుకృతుల తారతమ్యము తేటపడును. మొదటి దపరిణతమైనను స్వకీయము. రెండవది పరిణతమైనను సామాన్యము. ఆశ్రయమును గూడఁ జూడవలెను. యూట్యూబునందుఁ గవికిఁ బ్రేక్షకుఁడే ప్రభువు. చందాతో నడచు వేదికయందు నడుమ నొక సంస్థ గలదు. దానికిఁ బెక్కుభాషల ప్రేక్షకుల నొక్కమాఱు మెప్పించు కథ గావలెను. ఢిల్లీగల్లీ పలుకుబడి ముంబయి పలుకుబడిగా మాఱుట యాశ్రయము మాఱినదనుటకు బాహ్యచిహ్నము.

కావున మొదటి ప్రశ్నకు సమాధాన మిది. ఏకనటరూపకమునకుఁ బ్రాణము నటసంఖ్య యొక్కటగుట గాదు, నవ్వించువాఁడును నవ్వింపఁబడువాఁడును నొక్కఁడగుట. ఈ ధర్మము నిలిచినంతకాల మితరనటు లెందఱు చేరినను భాణప్రాణము పోదు. ఢిండోరా యందులకు సాక్షి. అది వీడినపుడు కృతి మంచిదే కావచ్చును గాని వేఱుజాతి దగును.

పరిశోధకులకుఁ గర్తవ్యమొకటి మిగిలియున్నది. చతుర్భాణి తాళపత్రములయం దెవ్వరో యెత్తివ్రాసి యుంచుటచే మనకు దక్కినది. నేఁటి వీడియోలకు లేఖకులు లేరు. అవి సంస్థల యంత్రములయం దున్నవి. కర్త యిచ్ఛవచ్చినపుడు సవరింపవచ్చును, తొలఁగింపవచ్చును. 2022లో నొక భాగము తొలఁగింపఁబడిన పిమ్మట నా వీడియోకు మొదటి పాఠము, సవరించిన పాఠము అని రెండు పాఠము లేర్పడినవి. మొదటిది చానలునందుఁ గానరాదు. సవరణ న్యాయమైనది కావచ్చును. అయినను పాఠభేదమును గుఱుతుపఱచుట పరిష్కర్తకు విధి. తేదీ, నిడివి, పాత్రలు, పలుకుబడి, సవరణలు అను వివరములతో నీ కృతుల కొక సూచిని గూర్చుకొన్నచో, రాఁబోవు కాలమున 2015 నాఁటి ఢిల్లీగృహ మెట్లు మాటలాడెనో తెలియఁగోరువారికి నది యాధార మగును. ఓరుఁగంటి వీథులను గుఱించి యట్టి యాధారమును వదలిపోయిన కవికి నేఁటి చరిత్రకారు లెంత ఋణపడియున్నారో పండితు లెఱుఁగుదురు.